ఐదు ప్రశ్నార్థకాల నాన్న

రాజమండ్రిలో రిటైరైన ఓ లెక్కల మాస్టారు పద్యనాటకాలకు చాలాకాలం పెట్టె వాయించారు. హార్మోనియం మీద తనకొచ్చిన వరసలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని ఆయన కోరిక. పుణెలో ఉద్యోగం చేసే కొడుకు సంక్రాంతికి వచ్చి కంప్యూటర్ బిగించాడు, చిన్న మిడి కీబోర్డు కొనిచ్చాడు, ‘ఇక నీ ఇష్టం నాన్నా’ అని రైలెక్కాడు. సంగీతం సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని మాత్రం మాస్టారికే మిగిలింది.

ఆ సాఫ్ట్‌వేర్ తోటి హార్మోనిస్టు ఒకాయన పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చింది. ఉచితం, పాతది. పేరు చెప్పి దాని పరువు తీయడం ఎందుకు! సెటప్ ఫైలు నొక్కీ నొక్కగానే తెర మీద చిన్న పెట్టె వచ్చింది: తాత్కాలిక ఫోల్డర్ తయారు చేయడం కుదరలేదు, ఎర్రర్ 123.

‘ఒకటి, రెండు, మూడు చెప్పి ఆగిపోయిందేమిటండీ?’ అన్నారు వంటింట్లోంచి మాస్టారి భార్య.

కొడుక్కి ఫోన్ వెళ్లింది. రీస్టార్ట్ చేశావా అన్నాడు, చేశారు. యాంటీవైరస్ ఆపావా అన్నాడు, ఆపారు. ‘అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేశావా నాన్నా?’ అంటే, ‘ఈ ఇంటికి అడ్మినిస్ట్రేటర్ మీ అమ్మరా, ఆవిడ చూస్తుండగానే చేశాను’ అన్నారు.

వీధి చివర కంప్యూటర్ షాపు కుర్రాడు వచ్చాడు. ‘ఆయ్, సి ప్లస్ ప్లస్ లేదండీ మాస్టారూ’ అని తేల్చేశాడు. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు విజువల్ సి ప్లస్ ప్లస్ అనే సహాయక ఫైళ్లు కావాలన్నది నిజమే. 2005, 2008, 2010, 2012, 2013 అంటూ దేని కాలానికి దానిదే వేరు. పైగా ఒక్కోటీ పెళ్లికొచ్చిన దంపతుల్లా 32 బిట్, 64 బిట్ జంటగా దిగుతుంది. కుర్రాడు అందర్నీ దింపాడు. ఎర్రర్ మాత్రం 123 దగ్గరే ఉంది. అసలు లోటు సహాయక ఫైలుదే అయితే ఫలానా డీఎల్‌ఎల్ లేదని చాలాసార్లు సిస్టమే పేరు పెట్టి చెబుతుంది. ఈ రోగానికి ఆ మందు కాదు. ‘ఫార్మాట్ కొట్టేద్దామండీ’ అన్నాడు చివరికి. షాపుల్లో అన్ని రోగాలకూ ఇచ్చే మందు అదే.

అప్పుడు మాస్టారు అందరూ చేయాల్సిన, ఎవరూ చేయని పని చేశారు. కళ్లజోడు తుడుచుకుని ఎర్రర్‌ను మొదటినుంచి చివరిదాకా చదివారు. సి డ్రైవ్, యూజర్స్, ఆ తర్వాత ఐదు ప్రశ్నార్థకాలు, ఆపైన టెంప్. లెక్కల మనిషికి ఐదు కనిపిస్తే ఆ ఐదు ఎక్కడివో తేలేదాకా నిద్ర పట్టదు.

కొడుకు ప్రేమకొద్దీ ఆ కంప్యూటర్లో అకౌంటు పేరు తెలుగులో ‘నాన్న’ అని పెట్టాడు. ఆ పేరుతోనే విండోస్ ఫోల్డర్ కట్టింది. మనకు అది రెండక్షరాలు. యూనికోడ్‌లో మాత్రం న, దీర్ఘం, న, పొల్లు, న కలిపి ఐదు సంకేతాలు. తెలుగు 1991లోనే యూనికోడ్ తొలి ప్రతిలో చేరింది కాబట్టి విండోస్‌కు ఆ పేరుతో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాములది. అవి కోడ్ పేజీ అనే పాత పట్టికలో అక్షరం వెతుక్కుంటాయి. అవి వెతికే ఆ పట్టికలో తెలుగుకు చోటే లేదు. దొరకని ప్రతి సంకేతానికీ ఒక ప్రశ్నార్థకం పడుతుంది. విండోస్ ఫైలు పేర్లలో నిషేధించిన తొమ్మిది గుర్తుల్లో ప్రశ్నార్థకం ఒకటి. 123 అంటే ‘పేరు రాసిన తీరు చెల్లదు’ అని. మొత్తానికి ఆ ఇంట్లో నాన్నే చెల్లలేదు!

సెట్టింగుల్లోకి వెళ్లి పేరును ఇంగ్లిష్‌లోకి మార్చారు. తెర మీద పేరు మారింది, ఫోల్డర్ పేరు మాత్రం కదల్లేదు. అది పుట్టినప్పుడు పెట్టిన పేరుతోనే ఉంటుంది. చివరికి తాత్కాలిక ఫోల్డర్ ఎక్కడో చెప్పే టెంప్, టీఎంపీ అనే రెండు సెట్టింగులను సి డ్రైవ్‌లో కొత్తగా తెరిచిన ఓ ఇంగ్లిష్ పేరు ఫోల్డర్‌కి తిప్పితే సాఫ్ట్‌వేర్ బుద్ధిగా ఎక్కింది. పాటలు దాచుకోవడానికి డి డ్రైవ్ చూసుకోవలసి వచ్చింది, ఎందుకంటే డాక్యుమెంట్స్ కూడా నాన్న కిందే ఉంది.

ఎక్కాక మరో తిరకాసు. మెట్టు నొక్కితే స్వరం ఆలస్యంగా పలుకుతోంది. మిడి తీగలో శబ్దం రాదు, ఏ మెట్టు ఎంత గట్టిగా నొక్కారన్న కబురే వస్తుంది. శబ్దం తయారయ్యేది కంప్యూటర్లో, సెకనుకు 44,100 నమూనాల చొప్పున. ఒక్కసారికి 2,048 నమూనాలు పోగుచేసి పంపితే, ఆ పోగు దగ్గరే 46 మిల్లీసెకన్లు పోతాయి. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో తెచ్చిన ఆసియో పద్ధతి, విండోస్ మామూలు దారిని తప్పించి సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడుతుంది. ఆ డ్రైవర్ వేసి పోగును 128కి తగ్గిస్తే అక్కడి ఆలస్యం 3 మిల్లీసెకన్లకు దిగింది. ‘ఇప్పుడు నా వేలు మాట వింటోంది’ అన్నారు మాస్టారు.

కొత్త కంప్యూటర్ కొని ఇంట్లో పెద్దవాళ్లకు అప్పగించేవారికి ఒక మనవి. మొదటిసారి అది పేరు అడిగినప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి. ఫోల్డర్ ఆ పేరుతో స్థిరపడ్డాక అకౌంటు పేరును తెలుగులోకి మార్చండి. తెర మీద నాన్న నాన్నగానే కనిపిస్తాడు, ఏ పాత సాఫ్ట్‌వేరూ ఆయన్ని ప్రశ్నించదు.