చదివి అర్థం చేసుకున్నాను

చంద్రపూర్‌లో ఎండ 47 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఊరికే చల్లగా కూర్చోవడానికి రెండే చోట్లు: బ్యాంకు, శిక్షణ గది. బ్యాంకులో కునుకు తీస్తే వాచ్‌మన్ లేపుతాడు. శిక్షణ గదిలో ఆ భయం లేదు, చెప్పేవాడికీ నిద్రే వస్తుంటుంది. అందుకే అయిదేళ్లకోసారి వచ్చే రిఫ్రెషర్ ట్రైనింగ్ మే నెలలో పడితే మా కాకకు పండగే.

కాకది కరీంనగర్ వైపు పల్లె. బొగ్గుబాయి పనికని ఘుగుస్ వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఘుగుస్, బల్లార్షా బస్తీల్లో నేటికీ తెలుగు వినబడుతోందంటే ఇలాంటి కాకల పుణ్యమే. ఆయనకు మరాఠీలో కూరగాయల బేరం, హిందీలో సినిమా, తెలుగులో తిట్లు బాగా వచ్చు. చదవడం మాత్రం ఒక్క తెలుగే.

శిక్షణ ఇవ్వకుండా ఎవరినీ గని పనిలో పెట్టకూడదని 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు చెబుతాయి. మంచి నిబంధనే. ఆ శిక్షణ కోసం కాకకు ఇచ్చిన హిందీ పుస్తకం ఒకటి నేనూ తిరగేశాను. మొదటి పదకొండు పేజీలు పెద్దల సందేశాలు, ఫోటోలతో సహా. ఒక్కరి ముఖానా బొగ్గు మరక లేదు. తర్వాత నిర్వచనాలు. ప్రాణం నిలిపే గని పైకప్పు పరీక్ష పుస్తకం చివర్లో ఎక్కడో దొరికింది. ఆ హిందీని తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: ‘సక్షముడైన వ్యక్తి సముచిత ఉపకరణముతో శిలాస్తర స్థిరతను సునిశ్చితము చేసుకొనవలెను.’ బొమ్మ లేదు.

“గిదేందే కాకా?” అంటే నవ్వాడు.

“కర్రతోని కప్పును కొట్టు. కంగుమంటే నిలబడు. డొల్ల సప్పుడొస్తే ఎనుకకు జరిగి మైనింగ్ సర్దార్‌ను పిలువు. అందితే ఇంకో చెయ్యి కప్పుకు ఆనిచ్చి కొట్టు. అదిరితే, సప్పుడు మంచిగున్నా నమ్మకు.”

అర నిమిషం పట్టలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడలు కట్టేవాళ్లను హడావుడిగా తయారుచేయాల్సి వచ్చి, చార్లెస్ అలెన్ అనే అమెరికన్ పనిని ఇలా మెట్లు మెట్లుగా నేర్పే కిటుకు పట్టాడు. 1919లో పుస్తకం రాశాడు. నాలుగు మెట్లు: మనిషిని సిద్ధం చెయ్యి, పని చూపించు, చేయించు, పరీక్షించు. రెండో యుద్ధం నాటికి అమెరికావాళ్లు దాన్ని జేబులో పట్టే కార్డుకు కుదించారు. యుద్ధం తర్వాత జపాన్‌వాళ్లు పట్టుకుపోయారు. మనం ఇంకా ముందుకెళ్లి నాలుగు మెట్లనూ ఒకే మెట్టు చేశాం: సంతకం.

చివరిరోజు పరీక్షలో కప్పు తనిఖీ నిబంధన సంఖ్య ఎంత అని అడిగారట. కాక లేచి, బల్ల మీద పెన్నుతో కొట్టి, కంగుమనే చప్పుడుకూ డొల్ల చప్పుడుకూ తేడా చూపించబోయాడు. సున్నా వేశారు. పక్కన కూర్చున్న కొత్త కుర్రాడు సంఖ్య గడగడా చెప్పి పూర్తి మార్కులు కొట్టేశాడు. తర్వాత ఇద్దరూ ‘చదివి అర్థం చేసుకున్నాను’ అన్న కాగితం మీద సంతకాలు పెట్టి, ఒకే షిఫ్టులో బాయి దిగారు. ఆ కుర్రాడు దిగిన దగ్గర్నుంచీ కాక వెనకే నడిచాడట. తెలివైనవాడే.

పుస్తకాలు రాసే పెద్దలకు ఒక్క మనవి. మళ్లీ అచ్చు వేసేముందు ఒక షిఫ్టు బాయి దిగిరండి. ఫోటోలు ఎలాగూ వేస్తారు కదా, పైకి వచ్చాక ముఖం కడుక్కోకముందే తీయించుకోండి.