షిఫ్టు ఆఖరున వచ్చే తేడా గారికి

రావిర్యాల,
పొద్దున ఆరు దాటింది.

మహారాజశ్రీ తేడా గారికి,

పెట్రోలు బంకు గుమాస్తా నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మనిద్దరికీ ఆ మాట పొసగదు. నువ్వు కుశలంగా ఉన్న రాత్రి నాకు నిద్ర ఉండదు. నాకు నిద్ర పట్టిందంటే ఆ రోజు నువ్వు రాలేదన్నమాట. పైన ‘గారు’ అని, కిందికి రాగానే ‘నువ్వు’లోకి దిగానని ఏమీ అనుకోకు. ఏళ్ల తరబడి రోజూ ఎదురుపడేవాడితో బహువచనం ఎంతసేపని నిలుస్తుంది?

ఈ ఉత్తరం నలుగురూ చదివేలా రాయడానికి కారణం ఉంది. పెట్రోలు కొట్టించుకునేవాళ్లకు నీ సంగతి తెలియదు. వాళ్లు మీటరులో జీరో చూస్తారు, డెన్సిటీ అడుగుతారు, అనుమానమొస్తే ఐదు లీటర్ల కొలపాత్ర తెప్పించి కొలిపిస్తారు. అది వాళ్ల హక్కు. కానీ నువ్వు పుట్టేది కొలతలో కాదు. పెట్రోలు పోయడం అయిపోయి, డబ్బు కట్టే ఆ అర నిమిషంలో పుడతావు.

మా బంకుకు వచ్చేవాళ్లను చూస్తే నీకు ఈ చోటంటే ఎందుకంత ఇష్టమో అర్థమవుతుంది. ఔటర్ రింగు రోడ్డు పదమూడో ఎగ్జిట్ మాది. సెలవు రోజు వండర్‌లాకు వెళ్లే కార్లు, విజయ డెయిరీకి వచ్చే పాల ట్యాంకర్లు, అర్ధరాత్రి శంషాబాద్ విమానాశ్రయానికి పరుగెత్తే క్యాబులు. అందరికీ తొందరే. తొందర ఉన్నచోటే నీకు విందు.

నీ లెక్క ఒకసారి అందరిముందు వేస్తాను. సులువు కోసం లీటరు వంద రూపాయలే అనుకుందాం (అంత అదృష్టమా!). షిఫ్టు ముగిసేసరికి ఒక నాజిల్ మీటరు 1,240 లీటర్లు తిరిగింది. అందులో పొద్దున కొలత చూసి తిరిగి ట్యాంకులో పోసిన 5 లీటర్లు తీసేస్తే అమ్మకం 1,235 లీటర్లు. అంటే రావలసింది 1,23,500. నోట్లు 41,200, కార్డులు 22,300, క్యూఆర్ మీద వచ్చింది 58,000, ఖాతా బండ్ల చీటీలు 1,500. కూడితే 1,23,000. మిగతా ఐదు వందలు ఏవీ? అవి నువ్వు.

ఆ ఐదు వందలు ఎవరూ మింగి ఉండకపోవచ్చు. మా బంకులో మూడు గడియారాలున్నాయి, మూడూ మూడు దారులు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా పెట్రోలు ధర రోజూ ఉదయం ఆరింటికి మారడం మొదలైంది కాబట్టి మా రోజు ఆరింటికి పుడుతుంది. బ్యాంకు రోజు అర్ధరాత్రి పుడుతుంది. కార్డు గీకే మెషీను తన మూట ఎప్పుడు కట్టి పంపుతుందో దాని ఇష్టం. రాత్రి పదకొండు యాభై ఎనిమిదికి ఒకాయన పంపిన ఐదు వందలు పెండింగులో పడి, పన్నెండు దాటాక జమైతే బ్యాంకు కాగితంలో మరుసటి తేదీ కింద చేరుతుంది. నా చిట్టాలో మాత్రం అది నిన్నటి పెట్రోలు.

ఇంకో చమత్కారం, అందరూ అడిగేవి గుండు అంకెలే. వంద, రెండు వందలు, ఐదు వందలు. నిమిషంలో నాలుగు రెండు వందలు జమైతే ఏది ఏ బండిదో దేవుడికే తెలియాలి. మొన్న రెండు బైకులు పక్కపక్కన నిలబడ్డాయి. క్యూఆర్ మీద డబ్బు జమైతే పలికే డబ్బాలోంచి ‘రెండు వందల రూపాయలు వచ్చాయి’ అని ఒక్కసారే వినిపించింది. ‘అన్నా, నాదే, సౌండొచ్చింది గదా’ అన్నాడొకడు. ‘నేను కూడ కొట్టిన భయ్యా, జూడు’ అంటూ ఫోను తిప్పి చూపించాడు రెండోవాడు. ఇద్దరి ఫోన్లలోనూ పచ్చటి టిక్కు ఉంది. వెనక హారన్లు. మా కుర్రాడు ఇద్దరినీ పంపేశాడు. వాళ్లిద్దరి మధ్యలోంచి నువ్వు చిరునవ్వుతో లోపలికొచ్చావు.

ఈ విషయంలో నాకు సాయపడేది ఎవరో తెలుసా? మమ్మల్ని అనుమానించేవాళ్లు. గుండు అంకె అడిగితే బంకువాళ్లు మోసం చేస్తారని 110, 210, 510 కొట్టించుకునే పెద్దమనుషులు. వాళ్ల డబ్బు బ్యాంకు కాగితంలో పుట్టుమచ్చలా కనిపిస్తుంది. నమ్మినవాడి డబ్బు గుంపులో కలిసిపోతుంది, నమ్మనివాడి డబ్బు ఇట్టే దొరుకుతుంది.

నువ్వు ఇంతవాడివి కావడానికి ఒక చరిత్ర ఉంది. నోట్ల కాలంలో నువ్వు చిల్లర దగ్గరో, చిరిగిన నోటు దగ్గరో తచ్చాడేవాడివి. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయ్యాయి. డిసెంబరు 2 దాకా పాత ఐదు వందలు పుచ్చుకున్న కొద్ది చోట్లలో బంకులూ ఉన్నాయి. అదే డిసెంబరులో, కార్డుతో కడితే ముప్పావు శాతం తగ్గింపు అన్నారు. జనవరిలో, కార్డు అమ్మకాలపై రుసుము డీలర్ల నుంచి పట్టుకుంటామని బ్యాంకులు అనేసరికి, లీటరుకింత అని కట్టిన కమీషను మీద బతికే డీలర్లు అసలు కార్డులు తీసుకోబోమన్నారు. ప్రభుత్వం కల్పించుకున్నాక వెనక్కి తగ్గారు. ఆపైన 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద దుకాణదారుకు రుసుము లేకుండా పోయింది. క్యూఆర్ కాగితం ఊరికే వచ్చింది. ఊరికే వచ్చిందాన్ని నాజిలుకు ఎవరు ముడిపెడతారు? స్తంభానికి అతికించి వదిలేశాం. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, మా దగ్గర అన్ని మెషీన్లూ ఉన్నాయి, ఒకదానితో ఒకటి మాట్లాడవు.

అవి మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో మా ఎగ్జిట్ దగ్గర రోజూ చూస్తూనే ఉన్నాం. కారు ఔటర్ మీద ఎక్కడెక్కిందో, ఎక్కడ దిగిందో లెక్కగట్టి, అద్దం మీది ఫాస్టాగ్ చూసి, టోలు గేటు డబ్బు తీసుకుంటుంది. ఆ బండి పేరున, ఆ నిమిషం పేరున జమ పడుతుంది. అదే కారు మా బంకులోకి వస్తే ఊరూ పేరూ లేనిదైపోతుంది.

మందు లేని రోగం కాదిది. బిల్లు వేసే సాఫ్ట్‌వేరే డబ్బు కూడా పుచ్చుకోవాలి. నాజిల్ ఆగగానే లీటర్లూ రూపాయలూ నేరుగా బిల్లులోకి రావాలి. ఆ బిల్లుకు మాత్రమే చెల్లే క్యూఆర్ తెర మీద కనపడాలి. బ్యాంకు జవాబు అదే బిల్లు నంబరుకు అతుక్కోవాలి. మెషీనులో అంకె నొక్కే పని కుర్రాడికి ఉండకూడదు. రెండు వేలకు ఒక సున్నా తగ్గించి నొక్కితే, తెలుసుకునేసరికి ఆ క్యాబు విమానాశ్రయం దాటి ఉంటుంది. ఇదేం కొత్త ఆలోచనా కాదు. భారత్ పెట్రోలియం పెట్రోకార్డు 1999 నాటిది. ఇవాళ దుకాణాల్లో కార్డు మెషీన్లు పెట్టే పైన్ ల్యాబ్స్ 1998లో పుట్టి, మొదట పనిచేసింది పెట్రోలు బంకుల కార్డుల కోసమే. అంటే ఈ విద్య మా ఇంట్లో అక్షరాభ్యాసం చేసి ఊరంతా తిరుగుతోంది, ఇంటికి మాత్రం పూర్తిగా రాలేదు.

వస్తే నువ్వు చచ్చిపోతావని నేను సంబరపడను. అన్నీ ఒకే తాడుకు కట్టినప్పుడు తాడు తెగితే అన్నీ పడతాయి. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ మొరాయించింది. అలాంటి రోజు కొత్త ఏర్పాటుతో బిల్లే రాకుండా పోతే, ఉన్న అవస్థకు రెండోది తోడు. కాబట్టి నెట్టు లేకపోయినా బిల్లు పుట్టాలి, డబ్బు దారి తరువాత దొరకాలి. మా డబ్బు ఆ సాఫ్ట్‌వేరు కంపెనీ దగ్గర ఎన్ని గంటలుంటుందో, రేపు దాన్ని వద్దనుకుంటే మా చిట్టా మాకు తిరిగొస్తుందో లేదో ముందే రాయించుకోవాలి. నా గళ్ల పుస్తకం మాత్రం బల్ల మీదే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నీ విషయంలో పాపం అందరిదీ, పిడికెడు మాత్రం నాజిల్ పట్టుకున్న కుర్రాడిది. ఖాతాలోంచి పోయి దుకాణానికి ఖరారు అందని యూపీఐ డబ్బును ఐదు రోజుల్లోపు వెనక్కి వేయాలని, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో నియమం పెట్టింది. ఆ వంద కొనుక్కున్నవాడికి. నాజిల్ దగ్గర నిలబడ్డవాడికి ఏ నియమమూ లేదు.

పైన చెప్పిన ఐదు వందలు, పదకొండు యాభై ఎనిమిదివి, ఊహించి చెప్పినవి కావు. నా పుస్తకంలో తగ్గిన డబ్బు రాసే షార్టు గడిలో ఆ కుర్రాడి పేరు రాసింది నేనే. జీతంలో పట్టుకున్నాం. నాలుగు రోజుల తర్వాత మరో పనికి బ్యాంకు కాగితం తిరగేస్తుంటే ఆ జమ మరుసటి తేదీ కింద కనపడింది. డబ్బు తిరిగిచ్చాను. అతను ఏమీ అనలేదు. కానీ అప్పటినుంచి ఎవరు నోటు ఇచ్చినా మూడుసార్లు లెక్కపెడుతున్నాడు. ‘సౌండొచ్చింది గదా’ అని ఎవరన్నా, నా కిటికీ వైపు చూసి నేను తలూపితే గానీ బండిని కదలనివ్వడు.

యజమాని కొత్త ఏర్పాటు తెస్తానన్నారు. అది వచ్చేలోపు నా చేతిలో ఉన్న పని ఒకటి చేశాను. షార్టు గడి పైన ‘పేరు’ అన్న మాట కొట్టేసి ‘నాజిల్, సమయం’ అని రాశాను. రాత్రి నువ్వు మళ్లీ వచ్చావు, రెండు వందలు. రెండో నాజిల్, తొమ్మిది నలభై అని రాసి పెట్టాను. బ్యాంకు కాగితం వచ్చాక చూద్దాం నువ్వెవరివో.

ఇట్లు,
నీ తోక పట్టుకుని తిరిగే
బంకు గుమాస్తా