పెరటి రైతు, పొరుగువారి భయం

హైదరాబాద్‌లో పెరడున్న ఇల్లు దొరికితే తెలివైనవాడు అందులో ఓ గది వేసి అద్దెకిస్తాడు. నేను మడులు కట్టాను. మా గుంటూరు లెక్కలో అది సెంటు నేల, ఇక్కడి లెక్కలో సుమారు 48 గజాలు. గజాల్లో చెబితే బంధువులు నన్ను ఆస్తిపరుడంటారు. ఎకరాల్లో చెబితే రైతనడానికి ఏ తహసీల్దారూ ఒప్పుకోడు.

గడ్డపార వేస్తే మట్టి తగల్లేదు. ఇటుక ముక్కలు, టైల్స్ పెంకులు, రాయిలా బిగిసిన సిమెంటు బస్తా, ఏ మేస్త్రీయో ఖాళీ చేసిన సీసా వరసగా బయటికొచ్చాయి. దాంతో ఎర్రమట్టి కొన్నాను, మాగిన ఎరువు కొన్నాను, వేపపిండి కొన్నాను. సొంత నేల ఉండి కూడా మట్టి కొనుక్కునే రైతు నగరంలోనే ఉంటాడు.

తర్వాత జీవామృతమనే ద్రవ ఎరువు. ప్రకృతి సేద్యం నేర్పే సుభాష్ పాలేకర్ చెప్పిన కొలత ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి. సెంటంటే ఎకరంలో నూరోవంతు గనక, నూటితో భాగిస్తే మా పెరటికి 100 గ్రాముల పేడ, 20 గ్రాముల బెల్లం, 20 గ్రాముల శనగపిండి. గుప్పెడు మట్టిని నూటితో భాగించడం మాత్రం నా చదువుకు అందలేదు. పాలవాడి దగ్గరికెళ్ళి వంద గ్రాముల పేడ కావాలంటే, నన్ను ఎగాదిగా చూసి, “తూకమేసి ఇయ్యనీకి ఇదేమన్న పాలకోవానా సార్?” అని తట్ట నింపి చేతిలో పెట్టాడు. ఇంటికొస్తే మా ఆవిడ, “బెల్లం, శనగపిండి ఉంటే ఎవరైనా మిఠాయి చేస్తారు. మీరు పేడలో కలుపుతున్నారు” అంది.

సొరపాదు పందిరెక్కింది. పూలే పూలు, కాయ లేదు. సొరకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. రేకుల కింద వేలెడు పిందె కనబడితే ఆడపువ్వు. ఈ తెల్లపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, పుప్పొడి మోసే రాత్రి పురుగులకేమో మా వీధిలో కరువు. అందుకని చీకటి పడేవేళ మగపువ్వు కోసి, రేకులు తుంచి, ఆడపువ్వు మధ్యలో అద్దాలి. టార్చి వేసుకుని ఆ పనిలో ఉండగా పక్కింటి రిటైర్డ్ మాస్టారు గోడమీంచి తొంగిచూసి, “ఏం పోయిందండీ?” అన్నారు.

“ఏమీ పోలేదు మాస్టారూ, పెళ్ళి చేస్తున్నాను.”

మర్నాటి నుంచి ఆయనకు నేను పెళ్ళిళ్ళ పేరయ్యనే.

సంబంధాలన్నీ కుదిరాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. వంకాయల్ని పురుగులు తిన్నాయి, టమాటాల్ని కోతులు తిన్నాయి, సొరకాయను మాత్రం ఏ ప్రాణీ ముట్టలేదు. పప్పు, పులుసు, పచ్చడి, మాస్టారుగారి భార్య నేర్పిన సర్వపిండి, చివరికి హల్వా కూడా అయ్యాక పిల్లలు హాస్టల్లో చేరతామని బెదిరించారు. వీధిలో మొదటి కాయ ఇచ్చినప్పుడు సంబరపడ్డారు, రెండో కాయకు మొహమాటంగా నవ్వారు. ఇప్పుడు నేను సంచితో కనబడితే చాలు, లోపల టీవీ చప్పుడు ఆగిపోతోంది.

ఖర్చు లెక్కేస్తే ఈ కాయ కంటే రైతుబజారు కాయే చవక. కొత్తగా దిగేవాళ్ళు తోటకూర చల్లుకోండి, నెల తిరిగేలోపు కోతకొస్తుంది, ఎంత పండినా కూర దగ్గరపడి గుప్పెడవుతుంది.

మా కాలనీ వైపు వస్తే సంచి తెచ్చుకోండి. వండేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే నా మొహం చూసి తినకండి, పారేయండి. చేదెక్కిన సొరకాయ విషం, వండినా ఆ గుణం పోదు. చేదు లేకపోతే మాత్రం మరో రెండు పట్టుకెళ్ళాల్సిందే.