సోమలింగానికి సర్వీస్ ప్యాక్

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఊళ్లో అయితే దీన్ని చూసి నవ్వుతారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దీన్నే రోడ్‌మ్యాప్ అంటారు. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న మార్కెట్లోకి రాకముందే మైక్రోసాఫ్ట్ దాని తమ్ముడికి లాంగ్‌హార్న్ అని పేరు పెట్టేసింది. కెనడాలోని విస్లర్, బ్లాక్‌కోంబ్ కొండల దగ్గరున్న ఓ బార్ పేరది. విస్లర్ అంటే ఎక్స్‌పీ, బ్లాక్‌కోంబ్ అంటే ఎప్పటికో రాబోయే మహాద్భుతం. ఈ రెంటి మధ్య దారిలో కాసేపు ఆగుదామన్న చోటు లాంగ్‌హార్న్. ఆ కాసేపే ఐదేళ్లయింది.

2003 అక్టోబరులో లాస్ ఏంజెలిస్ డెవలపర్ల సదస్సులో బిల్ గేట్స్ దీన్ని ఆకాశానికెత్తారు. విండోస్ 95 తర్వాత ఇంత పెద్దది లేదన్నారు. అన్నిటికంటే ఊరించింది విన్ఎఫ్ఎస్. ఏ ఫైలు ఏ ఫోల్డర్లో దాచామో గుర్తుంచుకునే బాధ ఉండదట. ఎవరు పంపారో, ఏ పని మీద పంపారో చెబితే చాలు, కంప్యూటరే తీసి చేతిలో పెడుతుందట. హాల్లో చప్పట్లు మోగాయి. వచ్చినవాళ్లు ప్రివ్యూ డిస్కులు పట్టుకుని ఇళ్లకు వెళ్లారు.

ఇంకో మూడు నెలలకు, 2004 జనవరిలో, ఆ విండోస్ బాధ్యతలు చూస్తున్న జిమ్ ఆల్చిన్ తన పైవాళ్లకు ఓ మెయిల్ రాశారు. తాను మైక్రోసాఫ్ట్‌లో పనిచేయకపోతే ఈపాటికి మ్యాక్ కొనుక్కునేవాణ్నని! ఈ ముక్క వేదిక మీద ఎవరూ చెప్పలేదు. తర్వాత ఓ కోర్టు కేసులో బయటపడింది.

ఆగస్టుకల్లా రాసిన కోడ్‌లో చాలా భాగం పక్కనపెట్టి, విండోస్ సర్వర్ 2003 కోడ్ మీద మళ్లీ మొదలుపెట్టారు. విన్ఎఫ్ఎస్‌కు కత్తెర పడింది. 2005 జులైలో సోమలింగం పేరు కూడా మార్చి విస్టా అన్నారు.

అసలు తమాషా స్టిక్కర్లది. సరుకు ఇంకా రాలేదు కానీ 2006లోనే కొత్త కంప్యూటర్ల మీద ‘విస్టా కేపబుల్’ అని అంటించారు. వాటిలో ఇంటెల్ 915 చిప్‌సెట్ ఉన్నవీ ఉన్నాయి. వాటి మీద విస్టా నడుస్తుంది, నిజమే. ప్రకటనల్లో మెరిసిన ఆ గాజు కిటికీలు మాత్రం రావు. పెళ్లికి పిలిచి భోజనం లేదన్నట్టు. స్టిక్కర్‌ను నమ్మి ల్యాప్‌టాప్ కొన్నవాళ్లలో సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్ ఉపాధ్యక్షుడు మైక్ నాష్ ఉన్నారు. 2,100 డాలర్లు పోసి ఈమెయిల్ చూసుకునే యంత్రం కొన్నట్టయిందని ఆయన సహోద్యోగులకు మొరపెట్టుకున్నారు. కొనుగోలుదారులు దావా వేశాక, 2008లో ఆ మెయిల్ కూడా లోకమంతా చదివింది.

2007 జనవరి 30న విస్టా సామాన్యుల చేతికొచ్చింది. ఏ పని ముట్టుకున్నా తెర నల్లబడి, “అనుమతిస్తారా?” అని అడగడం మొదలెట్టింది. పాత ప్రింటర్లు, స్కానర్లు డ్రైవర్లు లేక మొండికేశాయి. ఏడాది తిరిగాక సర్వీస్ ప్యాక్ 1 వచ్చి కొంత సర్దింది. అప్పటికే పేరు పోయింది.

అప్పుడు కంపెనీ ఓ ఉపాయం పన్నింది. 2008లో, విస్టా అంటే ముఖం తిప్పుకునేవాళ్లను పిలిచి, ‘మొహావీ’ అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ రాబోతోందని చూపించింది. వాళ్లు మురిసిపోయారు. ఆ తర్వాత చెప్పారు, ఇది విస్టాయేనని. ప్రకటన బాగా పేలిందని కంపెనీ సంతోషించింది. చూసినవాళ్లకు మాత్రం ఒకటి తేలిపోయింది: విస్టాను జనం చేత మెప్పించాలంటే, అది ఇంకా విడుదల కాలేదని చెప్పక తప్పలేదు.