రెండు వేల మీటర్లు

భిలాయ్‌లోని ఖుర్సీపార్‌లో తాత కట్టుకున్న ఇంట్లో అమ్మ పాత బీరువా ఖాళీ చేస్తుంటే మనవడికి ఒక అట్టపెట్టె దొరికింది. లోపల రెండు సీడీలు. మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్, 2001లో వచ్చిన ఆట.

"మీ నాన్న తెచ్చాడురా, నేను రిటైరైన ఏడు. వాడు బండి నడిపేవాడు, నేను పక్కన కూర్చుని పట్టాలు చూసేవాణ్ణి. ఓసారి పెట్టవా?" అన్నాడు తాత.

పట్టాలు చూడడమే ఆయన ఉద్యోగం. సోవియట్ సాయంతో కట్టిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. మరుసటి ఏడాదికల్లా రైలు పట్టాల మిల్లు నడిచింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎందరో ఇక్కడికి పనికొచ్చారు. తాతా అలా వచ్చినవాడే. చల్లారిన పట్టా కొసన వంగి, ఒక కన్ను మూసి, దాని పొడవునా చూపు సారించి, వంపు ఎక్కడుందో అక్కడ సుద్దతో గీత పెట్టేవాడు. ఆ గీత దగ్గర ప్రెస్ నొక్కి సాపు చేసేవారు. దేశంలో బండి ఎక్కిన ప్రతివాడూ ఇలాంటి వాళ్ల కంటిని నమ్ముకునే నిద్రపోయాడు. ఆ మాట ఎవరూ వాళ్లతో అనలేదు, అనాల్సింది.

మూల గదిలో నాన్న వదిలేసిన డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 7ది. సీడీ డ్రైవు ఇంకా పనిచేస్తోంది. మనవడు కుర్చీ లాక్కున్నాడు. తాత గోడ పట్టుకుంటూ వస్తుంటే, అమ్మ నడవాలోకి జరిపిన స్టూలు మోకాలికి తగిలింది. "చూసుకో నాన్నా" అన్నాడు కొడుకు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

పాత ఆటని కొత్త విండోస్ మీద ఎక్కించడానికి ఓపిక కావాలి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో పెడితే విండోస్ దాన్ని అక్కడ ఏమీ రాసుకోనివ్వదు. అందుకని మనవడు విడిగా ఒక ఫోల్డరు చేసి అందులో పెట్టాడు. 1.4 ప్యాచ్ వేశాడు. కంపాటిబిలిటీలో ఎక్స్‌పీ ఎంచాడు. ఆట తెరుచుకుంది. ఆస్ట్రియా, జపాన్, అమెరికా, ఇంగ్లండు దారులు వరసగా కనిపించాయి. ఇంగ్లండులోని సెటిల్ – కార్లైల్ దారి తీసి, ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఆవిరి ఇంజను ఎక్కాడు.

చక్రాలు అడ్డంగా సాగి కోలగా కనిపించాయి. ఆ ఆట పుట్టిన నాటికి మానిటర్లు దాదాపు చతురస్రంగా ఉండేవి. వెడల్పు తెర మీద బొమ్మ సాగిపోతుంది.

"తాతా, ఎలా ఉంది?"

"బాగుందిరా."

మనవడికి నచ్చలేదు. బొమ్మ నిష్పత్తి చెడకుండా పక్కన నల్లపట్టీలు వచ్చేలా గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్లో మార్చాడు. చక్రాలు గుండ్రమయ్యాయి.

"ఇప్పుడో?"

"బాగుంది."

దూరంగా పట్టాలు మెట్లు మెట్లుగా విరిగి, బండి కదిలితే మిణుకుమంటున్నాయి. అంచులు నునుపు చేసే మీట ఆటలో లేదు. దాన్ని కూడా కార్డు వైపు నుంచే బలవంతాన వేయాలి. వెతికి, వేసి, ఆట మూసి మళ్లీ తెరిచేసరికి చాలాసేపు పట్టింది. ఈలోగా వసారాలో అమ్మ గొంతు వినిపించింది: "ఎంత గొడవ చేస్తారో అని భయపడ్డాను. కిమ్మనలేదు."

"చదివాడు కదా. ఆయనకీ తెలుసు, ఒక్కడూ ఇక్కడ ఎన్నాళ్లుంటాడు?" అన్నాడు నాన్న.

పొద్దున జరిగింది మనవడూ చూశాడు. నాన్న నాలుగు కాగితాలు తెచ్చి తాత ముందు పెట్టాడు. ముందురోజు టేపు పట్టుకుని పెరడు కొలిచి వెళ్లిన ప్రాపర్టీ డీలర్ రాయించిన కాగితాలవి. "చదివి సంతకం పెట్టు నాన్నా" అని ఒక్క మాట అని, ఎదురుగా నిలబడలేక గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు. తాత కళ్లజోడు సర్దుకుని, కాగితాలు వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక్కొక్కటే తిప్పాడు. చివరికి "బాగుంది. ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. నాన్న వచ్చి వేలితో చూపించాడు.

ఆట మళ్లీ తెరుచుకుంది. పట్టాలు ఈసారి తేటగా ఉన్నాయి. ఇక మిగిలింది దూరం. ఎన్ని మీటర్ల దాకా నేల కనిపించాలో చెప్పే మీట అది. పెంచితే పాత కంప్యూటరు ఆయాసపడుతుంది, తగ్గిస్తే కొండలు బండికి దగ్గరగా వచ్చాక గానీ బయటపడవు.

"ఎంత దూరం కనిపించాలి తాతా?"

తాత ఒక్క క్షణం ఆగాడు. "ఎంత వీలైతే అంత పెట్టరా."

మనవడు రెండు వేల మీటర్లకు జరిపాడు. అంతకుమించి ఆ ఆట చూపించలేదు. చెట్లు, స్తంభాల సంఖ్యా పూర్తిగా పెంచి, స్పీకర్ల గొంతు కూడా పెద్దది చేశాడు. బండి కదిలింది. టకటక, టకటక మొదలైంది.

తాత ముందుకి వంగాడు. మొహం వెలిగింది.

"ఈ చప్పుడు ఇప్పుడు బళ్లలో లేదురా. మా రోజుల్లో పట్టా పదమూడు మీటర్లు. పట్టాకీ పట్టాకీ మధ్య అతుకు, అతుకు మీద చక్రం పడితే టక్కుమనేది. ఇప్పుడు మన భిలాయ్‌లోనే నూట ముప్పై మీటర్లది ఏకంగా తీస్తున్నారు. అలాంటివి రెండు అతికించి రెండొందల అరవై చేసి పంపుతున్నారు. లైను మీద వాటినీ కలిపి అతికేస్తారు, ఇక చప్పుడెక్కడిది? నలభై ఏడు సెకన్లు లెక్కపెట్టు. అందులో ఎన్ని అతుకులు వినిపిస్తే బండి గంటకి అన్ని కిలోమీటర్లు. గార్డుని అడగక్కర్లేదు."

మనవడు మనసులో లెక్కకట్టాడు. సరిపోయింది. పదమూడు మీటర్లు, నలభై ఏడు సెకన్లు, మూడు వేల ఆరు వందల సెకన్ల గంట. బడిలో ఎవరూ చెప్పని అందమైన లెక్క. దాన్ని రాసుకుందామని నోట్‌ప్యాడ్ కోసం ఆట మధ్యలో ఆల్ట్, ట్యాబ్ నొక్కాడు. పాత ఆటలకి అది పడదు. తెర ఒక్కసారిగా నల్లబడిపోయింది. చప్పుడు మాత్రం ఆగలేదు. టకటక, టకటక.

మనవడు ఎస్కేప్ నొక్కాడు. మళ్లీ ఆల్ట్, ట్యాబ్ నొక్కాడు. మానిటరు తీగ కదిపాడు. తెర మీద చుక్క వెలుగు లేదు. "అయ్యో తాతా" అనబోతూ పక్కకి తిరిగాడు.

తాత అదే తెర వంక చూస్తూ నవ్వుతున్నాడు. తల మెల్లగా ఆడిస్తున్నాడు.

"ఇప్పుడు మరీ బాగుందిరా. పట్టాలు నూలు పట్టినట్టున్నాయి."

మనవడి చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. స్టూలు, గోడ, కోలగా సాగిన చక్రాలు, "బాగుంది" అన్న ప్రతి మాటా ఒకదాని వెనుక ఒకటి వచ్చి తగిలాయి. వాటి వెనకే పొద్దుటి కాగితాలు వచ్చాయి.

"తాతా, పొద్దున నాన్న ఇచ్చిన కాగితం చదివే పెట్టావా సంతకం?"

"చదవకేటిరా? ఏటా నవంబర్లో బ్యాంకుకి ఇచ్చేదే కదా, నేనింకా బతికే ఉన్నానని."