సదస్సు పెట్టాం, ఇక పిల్లలు క్షేమం!

మన బళ్లలో ఆన్‌లైన్ భద్రత అంటే ఏడాదికో సదస్సు. వేదిక మీద శాలువాలు కప్పుకున్న పెద్దలు, ఎదురుగా ఎండలో పిల్లలు. "మీ ఫొటోలు, వివరాలు ఎవరికీ ఇవ్వకండి" అని వక్త మైకు అదిరేలా చెబుతాడు. వింటున్న పిల్లల ఫొటోలు మాత్రం యూనిఫాం మీది బడి పేరుతో సహా సాయంత్రానికల్లా బడి ఫేస్‌బుక్ పేజీకెక్కుతాయి. ఇక ర్యాంకొచ్చిందా, ముఖం, పేరు, హాల్‌టికెట్ నంబరు కలిపి చౌరస్తాలో ఫ్లెక్సీ! మోసగాడికి వెతుక్కునే శ్రమైనా మిగల్చని ఉదారులు మన విద్యాదాతలు.

తల్లిదండ్రులేమైనా తక్కువ తిన్నారా? ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకు 13 ఏళ్లు నిండాలన్నది ఆ కంపెనీ పెట్టుకున్న నియమమే. మన నాలుగో తరగతి బుడతడు అందులో 1998లోనే పుట్టేస్తాడు. ఆ పుట్టినతేదీ కొట్టేదీ, "మావాడికి ఫోన్లో రాని విద్య లేదండీ" అని చుట్టాల ముందు మురిసేదీ నాన్నగారే. 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడుకోవాలంటే కన్నవారి సమ్మతి ఉండాలంటుంది 2023 నాటి డేటా రక్షణ చట్టం. సమ్మతికేం భాగ్యం! ముద్ద దిగడానికి యూట్యూబ్ పెట్టిన చెయ్యే 'అంగీకరిస్తున్నాను' కూడా నొక్కేస్తుంది.

అసలు ఘట్టం ఆ తర్వాత. ఎవడో ఓ అమ్మాయి ఫొటోను మార్ఫింగ్ చేసి బెదిరిస్తాడు. వణుకుతూ ఇంట్లో చెబితే తొలి ప్రశ్న: "వాడితో నీకు మాటలేంటి?" రెండోది: "నలుగురికీ తెలిస్తే?" ఫోను లాక్కుంటారు, చదువు మాన్పిస్తామంటారు. బడికి చెబితే, బడి పరువు గుర్తొస్తుంది. విచారణ అందరికీ జరుగుతుంది, బెదిరించినవాడికి తప్ప. పిల్లల చిత్రాలను అశ్లీలంగా మార్చి పంచితే జైలేనని పోక్సో, ఐటీ చట్టాలు చెబుతున్నా వాడికి బెంగలేదు. వాడు నమ్ముకున్నది మన తిట్లను. "ఇంట్లో చెప్పేస్తా" అన్న ఒక్క బెదిరింపుతో వాడి వ్యాపారం నడుస్తోందంటే, ఆ పెట్టుబడి పెట్టింది మనమే.

కాబట్టి అయ్యా, అమ్మా! వచ్చే సదస్సు బ్యానర్‌పై ముఖ్య అతిథి ఫొటో కాస్త తగ్గించి పిల్లల సహాయవాణి 1098, సైబర్ నేరాల సహాయవాణి 1930 నంబర్లు పెద్దక్షరాల్లో వేయించండి. పిల్ల వచ్చి చెబితే ముందు వినండి. వచ్చిన మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. అంతపాటి ఓపిక లేకపోతే సదస్సులు మానేయండి. శాలువాల ఖర్చయినా మిగులుతుంది.