ధర డీఎంలో తెలుపబడును

మహారాజశ్రీ మా వీధి వర్తక ప్రముఖుల సముఖమునకు, రాజమండ్రిలో ఒక ఇరుకు వీధిలో సొంత ఇల్లు, సొంత గేటు, సొంత బీపీ కలిగిన గృహస్థుడు వ్రాసుకొను ఫిర్యాదు ఏమనగా:

మీరంతా ఫోన్లలోకి వెళ్లిపోయారు. వెళ్లడం తప్పని నేననను. కొట్టు ఫోనులోకి వెళ్లింది గానీ, కొట్టులో ఉండాల్సిన మూడు సంగతులు వెళ్లలేదన్నదే నా బాధ. ఏముంది, ఎంత, ఎప్పుడు తెరుస్తారు? పూర్వం పేపరు మడతలో అరచేతి మేర పసుప్పచ్చ కరపత్రం వచ్చేది. అక్షరాలు వంకర పోయినా కొట్టు పేరు, ఫలానా గుడి ఎదురుగా అన్న గుర్తు, రేటు, వేళలు, ఆదివారం సెలవు, అన్నీ అందులోనే ఉండేవి. ఇప్పుడు మీ వీడియోలు పది చూసినా ఆదివారం తెరుస్తారో లేదో తెలీదు. మీ మేనల్లుడికి డాన్సు వచ్చని మాత్రం తెలుస్తుంది.

మొదటి అభియోగం కిరాణా కొట్టు మీద. సరుకుల చీటీ వాట్సాప్‌లో పంపితే కట్టి ఉంచుతామన్నారు. బాగుంది. దానికోసం వీధి మొత్తాన్నీ తెచ్చి ఒకే గ్రూపులో పడేశారు. తెల్లారగానే తామరపువ్వులో శుభోదయం, ఆ వెంట పంచాంగం, ఆ వెంట ఎవరిదో ఇన్సూరెన్సు పాలసీ, వీటన్నిటి కింద ఎక్కడో కందిపప్పు రేటు. ఇంతకన్నా ఘోరం, ఎవరి చీటీ అయినా అందరికీ కనపడుతుంది. మా ఆవిడ పావుకిలో జీడిపప్పు, అరకిలో నెయ్యి అని రాసిందో లేదో, ఎదురింటావిడ గోడ మీంచి తొంగిచూసి “ఏంటి వదినగారూ, అమ్మాయికి పెళ్లిచూపులా?” అంది. పక్కింటాయన రెండు నెలలు నూనె తక్కువ రాయిస్తే వీధి వీధంతా కలిసి ఆయన గుండెకి స్టెంటు వేసేసింది.

ఇదేం అన్యాయమని అడిగితే “ఆయ్, గ్రూపు తీసేస్తే బేరాలు పోతాయండి బాబాయ్ గారూ” అన్నాడు కొట్టు కుర్రాడు. గ్రూపు వేరు, బ్రాడ్‌కాస్ట్ లిస్టు వేరు నాయనా. లిస్టులో పెడితే కబురు ఎవరికి వాళ్లకే విడిగా చేరుతుంది, జవాబు నీ ఒక్కడికే వస్తుంది. ఒక లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు. మన వీధికి అది జిల్లా అంత. షరతు ఒకటే, నీ నంబరు వాళ్ల ఫోనులో సేవ్ అయి ఉండాలి. అంటే నీతో పని ఉందనుకున్నవాడికే నీ మాట వినపడుతుంది. ఇంత న్యాయమైన ఏర్పాటు మన ఇళ్లలో కూడా లేదు. 2018 నుంచీ వాట్సాప్ బిజినెస్ అని ఒకటి ఊరికే ఇస్తున్నారు. సరుకుల పట్టీ ఫొటోతో, ధరతో అందులో పెట్టుకోవచ్చు, తెరిచే వేళలు రాసుకోవచ్చు. రాసుకోరు. తామరపువ్వు పెడతారు.

రెండో అభియోగం బొటిక్ మీద. మొన్నటిదాకా అది టైలరు కొట్టే. ఇన్‌స్టాగ్రామ్‌లో మా ఆవిడ మనసు పడ్డ చీర ఫొటో కింద ‘ధర ఎంతండీ?’ అని జనం బారులు తీరి అడుగుతున్నారు. అందరికీ ఒకటే జవాబు, ‘డీఎం చేయండి’. అంటే విడిగా మెసేజ్ పెట్టి అడగమని. ధరేమన్నా బ్యాంకు పిన్ నంబరా, చెవిలో చెప్పడానికి? చెవిలో చెప్పే ధర చెవిని బట్టి మారుతుందని కొనేవాడికి అనుమానం. ఆ అనుమానంతోనే సగం మంది అడక్కుండా వెళ్లిపోతారు. ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాళ్లు వస్తువు మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెప్పాయి. ఢిల్లీలో బయల్దేరిన ఆ సదుద్దేశం ఇంకా మా వీధి మలుపు తిరగలేదు.

ఆ బొటిక్ ఆవిడకు రాని విద్య లేదు. జాకెట్టు లైనింగు ముందుగా తడిపి ఆరేయకుండా కుడితే మొదటి ఉతుకుకే లోపల ముడుచుకుంటుందని తెలుసు. జరీ చీరను ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంచితే ఆ మడత దగ్గరే చిట్లుతుందని తెలుసు. చీర తిరగేసి చూసి, చేనేతో మరనేతో చెప్పేస్తుంది. ఇవి వారానికొకటి నాలుగు ముక్కల్లో రాస్తే ఊళ్లో ఆడవాళ్లంతా దాచుకుంటారు, పెళ్లి బట్టల వేళకు ఈవిడే గుర్తొస్తుంది. ఆవిడ మాత్రం ఈ విద్యంతా కడుపులో దాచుకుని, ఎవరో పాడిన పాటకు పెదాలు కదుపుతోంది. పైగా డబ్బు కట్టి ఆ పాటను ‘బూస్ట్’ చేయించింది. లైకులు వచ్చాయి, ఎక్కడెక్కడి నుంచో వచ్చాయి. జాకెట్టు కొలతలివ్వడానికి నాగపూర్ నుంచి ఎవరొస్తారు? ప్రకటన ఇచ్చేటప్పుడే మ్యాపులో మన కొట్టు చూపించి, చుట్టూ ఇన్ని కిలోమీటర్లు చాలు అని చెప్పుకోవచ్చు. ఆ గీత గీసుకుంటే నాగపూర్ బతికిపోయేది.

మూడో అభియోగం టిఫిన్ సెంటరు మీద. దీన్ని విస్తారంగా విన్నవించుకోవాలి, ఎందుకంటే నా గేటు దానికి ఎదురుగా ఉంది. 2020 జూన్ ఆఖరున టిక్‌టాక్‌ను నిషేధిస్తే హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాను. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలో దిగాయి. పీల్చిన ఊపిరి వదిలే వ్యవధి కూడా ఇవ్వలేదు.

ఒకరోజు ఓ కుర్రాడు వచ్చి, దోశ మీద నెయ్యి పడేచోట ఫోను పెట్టి, కళ్లు మూసుకుని నమిలి, “అసలు వేరే లెవెల్” అన్నాడు. ఏళ్ల తరబడి నేను తింటున్న దోశే అది, లెవెల్ ఏమీ మారలేదు. మర్నాటి నుంచి నా గేటు ముందు బళ్లు. పాలబ్బాయి లోపలికి రాలేడు, నేను బయటికి పోలేను. బండి తీయమంటే “టూ మినిట్స్ అంకుల్, రీల్ అవుతోంది” అంటారు. మా అరుగు పాతకాలపు అందంగా ఉందని ఒకమ్మాయి దాని మీద దోశ పెట్టి ఫొటో తీసింది. ఆ ఫొటోలో వెనకాల నేను బనీనుతో ఉన్నాను. దానికి నవ్వే బొమ్మలు చాలా వచ్చాయట.

2024 జనవరిలో హైదరాబాదు మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్ముకునే ఆవిడ సంగతి మీకు తెలియంది కాదు. వీడియోలు తోలుకొచ్చిన జనంతో ట్రాఫిక్ ఆగింది, పోలీసులు కొట్టు తీయమన్నారు, చివరికి ముఖ్యమంత్రే కలగజేసుకున్నారు. మా వీధికి అంతటివారు రావాలన్నా కారు పెట్టుకునే చోటు లేదు. వంద మందిని పిలిచేముందు పిండి ఎంతుందో, పెనాలు ఎన్నో చూసుకోవద్దా? కొత్తవాళ్లు ఆలస్యమైందని తిట్టి వెళ్లారు. పాతవాళ్లం టోకెన్ పట్టుకుని నిలబడ్డాం.

ఇంతకీ ఆ కుర్రాడు తిన్న దోశకు బిల్లు లేదు. ఊరికే పుచ్చుకుని పొగిడితే ఆ సంగతి చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలిచ్చింది. చెప్పాడా? నోట్లో దోశ ఉంది, ఎలా చెబుతాడు?

ఇక నక్షత్రాల ముచ్చట. టేబుల్ మీద చీటీ అతికించారు: ‘గూగుల్‌లో ఐదు నక్షత్రాలిస్తే గులాబ్‌జామ్ ఫ్రీ’. బహుమతి ఆశచూపి సమీక్షలు రాయించకూడదని గూగుల్ నియమం. గులాబ్‌జామ్ ముట్టకూడదని మా డాక్టరు నియమం. చట్నీ పల్చగా ఉందని మూడు నక్షత్రాలిచ్చిన ఒకాయనకు ఓనరుగారబ్బాయి ‘అయితే మీ ఇంట్లో చేసుకోండి’ అని అక్కడే జవాబు రాశాడు. చట్నీ ఆ పూటతో అయిపోయింది. జవాబు ఇప్పటికీ అక్కడే ఉంది, దారిన పోయే ప్రతివాడూ చదువుతున్నాడు. ‘నిజమేనండి, ఆరోజు కొబ్బరి తక్కువైంది, మళ్లీ రండి’ అని రాసుంటే మూడు నక్షత్రాలాయన ఆ ఆదివారమే పెళ్లాంపిల్లలతో వచ్చేవాడు.

నాలుగో అభియోగం కనపడనివాళ్ల మీద. రాత్రిపూట పైపు పగిలి ప్లంబరు కోసం వెతికితే ఫోనులో పాత నంబరు, మ్యాపు చూపించిన చోట చేపల మార్కెట్టు. గూగుల్ బిజినెస్ ప్రొఫైలుకు పైసా తీసుకోరు. నంబరు మారితే మార్చుకోవచ్చు, చోటు మారితే సరిదిద్దుకోవచ్చు. దోశ ఊరేగుతుంది, ప్లంబరు అజ్ఞాతవాసం చేస్తాడు.

వీధి చివర పిండిమర ఆయన సంగతి వేరు. ఆయనకు పేజీ లేదు, డాన్సు రాదు. ఉన్నదల్లా వాట్సాప్ స్టేటస్. రోజూ పొద్దున్నే ఒకటే ముక్క: ‘ఈరోజు బియ్యం, శనగపప్పు ఆడబడును. రేపు కారం, పసుపు. 2 నుంచి 4 దాకా కరెంటు ఉండదు.’ ఇరవై నాలుగు గంటలకు అది తనంతట తనే చెరిగిపోతుంది, మర్నాటికి దాంతో ఎటూ పనిలేదు. కారం ఆడిన మరలో వెంటనే బియ్యం పోయిస్తే అరిసెలు ఎలా ఉంటాయో తిన్నవాళ్లకు తెలుసు. అందుకే ఆ ఒక్క ముక్క కోసం మా వీధే కాదు, పక్క వీధి కూడా ఆయన నంబరు సేవ్ చేసుకుంది.

నిజానికి ఆయన మీదే నాకు అందరికన్నా పెద్ద ఫిర్యాదు. పూర్వం మరకు వెళితే “ఇవాళ కారమండి, రేపు రండి” అనేవాడు. ఆ వంకన బల్ల మీద కూర్చుని, పేపరు చదివి, దేశానికి ఎవరు ప్రధాని కావాలో తేల్చి, బియ్యం బియ్యంగానే పట్టుకుని ఇంటికొచ్చేవాణ్ని. ఇప్పుడు మా ఆవిడ స్టేటస్ చూసి వేళకు పంపిస్తోంది, వేళకు రమ్మంటోంది. గృహస్థుడి స్వాతంత్ర్యాన్ని ఇలా ఒక్క వాక్యంతో హరించవచ్చని తెలిస్తే మిగతా వర్తకులు డాన్సులు మానేసేవారు.

కావున ప్రార్థించునది ఏమనగా: ధర అంకెల్లో రాయవలెను. వేళలు, సెలవులు రాయవలెను. ఇంట్లో పచ్చళ్లు పట్టి అమ్మే తల్లులు సీసా అందంతోపాటు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కూడా చూపవలెను. పాట ఎవరైనా పాడగలరు కనుక, మీకు మాత్రమే తెలిసింది చెప్పవలెను. మా జీడిపప్పు మా ఇంటి రహస్యంగా ఉంచవలెను.

ఇట్లు,
గేటు లోపలే ఉండిపోయిన గృహస్థుడు.

తా.క. ఎర్ర స్కూటరు వారు దోశ అయ్యాక ఒకసారి ఇటు రాగలరు.